స్టార్ పరీక్షల ఏప్రిల్‌లో మిడిల్ స్కూల్ పిల్లలతో ఇంట్లో ఎలా ఉండాలి

పోయినేడు ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున ఏడింటికి మా అమ్మాయి ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని బాత్రూమ్ గుమ్మం దగ్గర కూర్చుండిపోయింది. కడుపునొప్పి అంది. నేను అలవాటుగా "ఏం కాదులే, లే, బస్సు వెళ్ళిపోతుంది" అన్నాను. లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది కూడా. ఇక కార్లో దింపక తప్పదని తేలాక నేనూ పక్కన కూలబడి అడిగితే అప్పుడు చెప్పింది, "అమ్మా, ఇది ఫెయిలైతే మళ్ళీ సిక్స్త్ చదవాలా?" అని. క్లాసులో ఎవరో అన్నారట. జనవరి నుంచీ ఆ మాట కడుపులో పెట్టుకుని తిరుగుతోంది, నేనేమో ఇంట్లో ఫ్రాక్షన్లు చేయిస్తూ కూర్చున్నాను.

మేముండేది డాలస్ పక్కన, కాబట్టి నేను చెప్పేది టెక్సాస్ రాష్ట్రం బడిపిల్లలకి ఏటా పెట్టే స్టార్ పరీక్ష గురించి. మీరు వర్జీనియాలో ఉంటే ఎస్‌ఓఎల్, నార్త్ కరోలినాలో ఉంటే ఈఓజీ, జార్జియాలో ఉంటే మైల్‌స్టోన్స్, పేరు మారుతుందంతే. రూల్స్ మాత్రం రాష్ట్రానికో రకం, మీవి మీరు చూసుకోండి. ఇంట్లో చేయాల్సిన పనులు ఎక్కడైనా ఇంచుమించు ఇవే.

ముందు ఆ పరీక్ష దేనికో మీరు తెలుసుకోండి

ఇది చేయకుండా మిగతావన్నీ చేసినా లాభం తక్కువ. మనం చదువుకున్న రోజుల్లో పబ్లిక్ పరీక్ష అంటే ప్రాణం పోయినంత పని, ఆ భయాన్నే తెచ్చి పిల్లల మీద కప్పేస్తాం. ఇక్కడి సంగతి వేరు. మూడు నుంచి ఎనిమిది తరగతుల దాకా ఏటా రీడింగ్, మ్యాథ్స్ పరీక్ష పెట్టాలన్నది ఫెడరల్ చట్టం. టెక్సాస్‌లో ఆరు, ఏడు తరగతులకి ఆ రెండే, ఎనిమిదిలో సైన్స్, సోషల్ కూడా కలుస్తాయి. ఒకప్పుడు 5, 8 తరగతుల పిల్లలు ఇది పాసైతేనే పై తరగతికి వెళ్ళేవాళ్ళు, ఆ నిబంధన 2021లో తీసేశారు. ఇప్పుడు తప్పితే ఆ సబ్జెక్టులో బడివాళ్ళే అదనంగా పాఠాలు చెప్పాలి, అంతే. ఈ మార్కులతో అసలు గ్రేడు పడేది బడికి. ఎ నుంచి ఎఫ్ దాకా బడులకి ఇచ్చే గ్రేడుల్లో స్టార్ ఫలితాలకి పెద్ద వాటా ఉంటుంది, అందుకే మార్చి వచ్చేసరికి టీచర్ల మొహాల్లో కూడా కళ తప్పుతుంది. ఆ టెన్షన్ వాళ్ళది. మీ పిల్ల మోయాల్సింది కాదు.

ఒక మినహాయింపు ఉంది, మనవాళ్ళ ఇళ్ళలో ఇది ఎక్కువ. ఏడులోనో ఎనిమిదిలోనో ఆల్జీబ్రా వన్ తీసుకున్న పిల్లలు మామూలు మ్యాథ్స్ పరీక్ష బదులు ఆల్జీబ్రా ఈఓసీ, అంటే ఆ కోర్సు చివర పెట్టే పరీక్ష, రాస్తారు. హైస్కూల్ డిప్లొమాకి కావలసిన ఐదు పరీక్షల్లో అదొకటి. కాబట్టి దానికి విలువ ఉంది, లేదని అబద్ధం చెప్పకండి. కానీ తప్పితే మళ్ళీ రాసుకోవచ్చు, హైస్కూల్ అయిపోవడానికి ఇంకా బోలెడు సమయం ఉంది. మళ్ళీ రాసుకోవచ్చన్న మాట చెప్పడం మాత్రం మర్చిపోవద్దు.

(2025లో వచ్చిన చట్టం ప్రకారం 2027–28 నుంచి స్టార్ పోయి ఏడాదికి మూడు చిన్న పరీక్షలు వస్తాయట. ఒక పెద్ద దడ బదులు మూడు చిన్న దడలా అని మా ఆయన అడిగారు, నా దగ్గర జవాబు లేదు.)

ఇదంతా పిల్లలకి ఎలా చెప్పాలంటే, పరీక్షకి వారం ముందు, కార్లో వెళ్తున్నప్పుడు, ఎదురెదురుగా కూర్చోబెట్టి కాకుండా, ఇలా: "ఇది నీకు ఏం వచ్చో, ఏం రాలేదో బడివాళ్ళు చూసుకునే పరీక్ష. నువ్వు సెవెన్త్‌కి వెళ్తావు. వచ్చింది రాయి, రానిది వదిలెయ్." "ఏం కాదులే" అనకండి. పన్నెండేళ్ళ పిల్లకి ఆ మాట 'అమ్మకి నా గోల వినే ఓపిక లేదు' అని వినిపిస్తుంది.

ప్రాక్టీసు ఒక్క సాయంత్రం చాలు

పరీక్ష కంప్యూటర్ మీదే. 2023 నుంచి ప్రశ్నల తీరు కూడా మారింది. మల్టిపుల్ చాయిస్ మార్కులు 75 శాతానికి మించకూడదు, మిగతావి జవాబుని మౌస్‌తో లాగి పెట్టేవి, ఒకటికి మించి జవాబులు గుర్తించేవి, టైపు చేసి రాసేవి. రీడింగ్‌లో పాఠం చదివి వ్యాసం టైపు చేయాలి. చాలామంది పిల్లలు ఖంగు తినేది పాఠం రాక కాదు, స్క్రీను కొత్తయి. కాబట్టి రాష్ట్ర విద్యాశాఖ సైట్‌లో ఉచితంగా ఉన్న ప్రాక్టీసు టెస్టు ఒక్కసారి తెరిచి బటన్లు ఎక్కడున్నాయో, ముందు ప్రశ్నకి వెనక్కి ఎలా వెళ్ళాలో చూసుకోనివ్వండి. మీరు పక్కన కూర్చుని మార్కులు లెక్కపెట్టకండి. మార్చిలో కొత్తగా ట్యూషన్‌లో చేర్చడం, శనాదివారాలు నాలుగేసి గంటలు వర్క్‌షీట్లు, ఇవి నేనూ చేశాను, మిగిలింది ఇద్దరికీ తలనొప్పే.

నిద్ర, నిద్ర, ఆ తర్వాత ఇంకేదైనా

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటినవాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలని ఇక్కడి నిద్ర వైద్యులు చెబుతారు. మన ఇళ్ళలో ఏడో తరగతి పిల్ల ఎన్నింటికి పడుకుంటోందో మీకు తెలుసు. మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుగుతాయి, ఆ గంట పిల్లల ఒంట్లో సర్దుకోవడానికి రోజులు పడుతుంది, సర్దుకునేలోపు స్ప్రింగ్ బ్రేక్ వచ్చి రాత్రి ఒంటిగంట దాకా మెలకువ అలవాటవుతుంది, అది తేరుకునేలోపు ఏప్రిల్.

కాబట్టి పరీక్షకి పది రోజుల ముందు మొదలుపెట్టండి. రెండు మూడు రోజులకోసారి పడుకునే వేళ పదిహేను నిమిషాలు ముందుకి జరపండి, ఒకేసారి గంట జరిపితే పిల్ల చీకట్లో పైకప్పు చూస్తూ పడుకుంటుంది. ఫోన్లు, ట్యాబ్‌లు వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టండి, మీ ఫోన్ కూడా. ఇంకొకటి ఎవరూ చెప్పరు: రాత్రి పదింటికి ఇండియా టీమ్‌తో కాల్స్ ఉన్న తండ్రులు ఆ రెండు వారాలు గ్యారేజీలోకో కారులోకో వెళ్ళి మాట్లాడుకోవాలి. మా ఇంట్లో గోడ అవతల "కెన్ యూ సీ మై స్క్రీన్" వినిపిస్తూనే ఉండేది. పిల్ల నిద్రపోయిందనుకున్నాం. ఆ స్క్రీన్‌లో ఏ బగ్ ఉందో కూడా దానికి తెలుసు.

వారాంతం పుట్టినరోజు పార్టీలకి రాలేమని చెప్పడానికి మొహమాటపడకండి. ఆదివారం రాత్రి పదకొండుకి ఇల్లు చేరితే సోమవారం పాడు, మంగళవారం పరీక్ష.

తిండి, తుమ్ములు

పరీక్ష రోజు పొద్దున కొత్త ప్రయోగాలొద్దు. రోజూ సీరియల్ తినే పిల్లకి ఆ రోజు మాత్రం నెయ్యి కారుతున్న పెసరట్టు ఉప్మా పెడితే తొమ్మిదింటికి కళ్ళు మూతలు పడతాయి. అలవాటైందే పెట్టండి, ఒక గుడ్డో, గుప్పెడు బాదంపప్పులో కలపండి. తిననంటే బలవంతం వద్దు, అరటిపండు చేతికివ్వండి. పెరుగు, పంచదార నోట్లో పెట్టి పంపడం మా అత్తయ్య గారి పద్ధతి. నాకేం అభ్యంతరం లేదు, దానివల్ల పిల్ల నవ్వుతూ బయల్దేరుతుంది.

టెక్సాస్‌లో ఓక్ చెట్ల పుప్పొడి సరిగ్గా ఈ రోజుల్లోనే కార్ల మీద పచ్చగా పేరుకుంటుంది. మా రెండోవాడికి ముక్కు కారుతోందని పరీక్ష రోజు పొద్దున ఇంట్లో ఉన్న అలర్జీ మందు పట్టాను, అది నిద్రమత్తు తెచ్చే పాత రకం అని చూసుకోలేదు. రీడింగ్ పరీక్షలో సగంసేపు బల్ల మీద తల పెట్టి పడుకున్నాడట. తప్పు పూర్తిగా నాదే. అలర్జీ ఉన్న పిల్లలైతే ఫిబ్రవరిలోనే డాక్టర్‌ని అడిగి మత్తు రాని మందు రాయించుకోండి, అది పిల్లకి పడుతుందో లేదో ఒక శనివారం చూసుకోండి. జ్వరం ఉంటే అసలు పంపకండి, తర్వాత రాయడానికి మేకప్ రోజులుంటాయి. స్మార్ట్ వాచీ ఇంట్లోనే తీయించండి, అది గదిలో మోగితే లేనిపోని గొడవ.

భయాన్ని ఏం చేయాలి

మిడిల్ స్కూల్ పిల్లలు "నాకు భయంగా ఉంది" అని చెప్పరు. కడుపునొప్పి, తలనొప్పి, తమ్ముడి మీద అరవడం, ఇష్టమైన కూర వద్దనడం, ఇలా బయటపడుతుంది. అది నటన కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది.

మాకు పనిచేసినవి రెండు. ఒకటి, ఊపిరి. నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి, వదిలేది ఎక్కువసేపు ఉండాలి, అదే కిటుకు. పరీక్ష రోజు నేర్పిస్తే చేయరు, రెండు వారాల ముందు నుంచి రాత్రి పడుకునేటప్పుడు ఐదుసార్లు మీరూ కలిసి చేయండి. రెండోది, రాసి పారేయడం. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రామిరెజ్, బైలాక్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాల గురించి రాసుకున్న తొమ్మిదో తరగతి పిల్లల్లో, మామూలుగా పరీక్షలంటే బాగా బెదిరేవాళ్ళు మెరుగ్గా రాశారు. మా అమ్మాయికి పాత కవరు వెనక రాయమని ఇచ్చాను. "నాకు రేషియోలు రావు, శ్రీవారికి చెప్పకు" అని రాసింది, శ్రీవారంటే వాళ్ళ నాన్న, నేను ఎప్పుడో సరదాకి పిలిస్తే పట్టుకుంది. మీరు చదవొద్దు. నేను చదివాను, తప్పు చేశాను.

ఇక పెద్దవాళ్ళ నోళ్ళు. ఇండియా నుంచి వీడియో కాల్‌లో తాతయ్య "ఎన్నో ర్యాంకు రా?" అంటారు, ప్రేమతోనే అంటారు. వాళ్ళకి ముందే ఫోన్ చేసి "నాన్నా, ఈ రెండు వారాలు చదువు గురించి అడగొద్దు, క్రికెట్ గురించి అడుగు" అని చెప్పేయండి, వింటారు. కష్టమల్లా ఇక్కడి స్నేహితులతోనే. "మావాడికి పోయినేడు మాస్టర్స్ లెవెల్ వచ్చింది" (స్టార్‌లో అన్నిటికన్నా పై స్థాయి అది) అని పిల్లల ముందే మొదలుపెడతారు, అక్కడినుంచి పిల్లని ఏదో పని మీద లోపలికి పంపేయండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఈ మధ్యే వచ్చిన పిల్లలకి ఇంకో బరువుంటుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు అని బడి ఫారంలో రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెట్టి, అవసరమనుకుంటే ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో టెల్పాస్ అనే ఇంకో పరీక్ష రాయిస్తారు. "నాకు ఇంగ్లిష్ రాదనుకుంటున్నారా" అని నామోషీ పడతారు పిల్లలు. అది సాయం ఇవ్వడానికి పెట్టేదే అని చెప్పండి. నిఘంటువు లాంటి సాయం స్టార్‌లో దొరుకుతుందేమో టీచర్‌ని ముందే అడగండి, ఏప్రిల్‌లో అడిగితే లాభం లేదు.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, బడికి వెళ్ళనని మొండికేయడం, "నేను దేనికీ పనికిరాను" అనడం కనిపిస్తే అది పరీక్ష భయం వరకే అనుకోవద్దు. బడి కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టండి, డబ్బు కట్టాల్సిన పని లేదు, పిల్లకేదో ముద్ర పడుతుందన్న భయమూ అక్కర్లేదు. చచ్చిపోవాలనుంది లాంటి మాట వినిపిస్తే పొద్దున దాకా ఆగొద్దు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, ఏ వేళలోనైనా తీస్తారు, ఇంగ్లిష్‌లో చెప్పుకోలేకపోతే దుభాషిని అడగొచ్చు. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే 911.

పరీక్ష అయిపోయిన సాయంత్రం "ఎలా రాశావ్" అని అడగకండి. "ఆకలేస్తోందా" అని అడగండి. ఫలితాలు జూన్‌లో ఆన్‌లైన్ ఫ్యామిలీ పోర్టల్‌లో వస్తాయి. పైన పెద్దక్షరాల్లో స్థాయిని చెప్పే మీట్స్, అప్రోచెస్ మాటలు కాదు, కింద ఏ అంశంలో ఎన్ని తప్పాయో ఉంటుంది, అది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఆగస్టులో కొత్త టీచర్‌కి చూపించడానికి పనికొస్తుంది. ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి. మా అమ్మాయికి రేషియోల్లో ఎనిమిదికి మూడు వచ్చాయి. ఆ కవరు సంగతి నేను ఇంకా దానికి చెప్పలేదు.