నడుము వంపు కొలవాలంటే రెండు సెన్సార్లు కావాలి

నడుము నొప్పితో వచ్చేవాళ్ల వీపు మీద వాలు కోణం కొలిచే చిన్న సెన్సార్లు అంటించి చూడటం ఫిజియోథెరపిస్టుగా నా రోజువారీ పని. ఈ పని నేర్చుకుంటున్నవాళ్లకు ముందుగా చెప్పేది ఇది: ఒక్క సెన్సార్‌తో నడుము వంపు తెలియదు. మొండెం ఎంత వాలిందో మాత్రమే తెలుస్తుంది. తుంటి దగ్గర వంగినా, నడుమే గుండ్రంగా వంగినా దానికి ఒకటే. మనకు కావాల్సింది ఆ తేడానే కదా!

కింది సెన్సార్‌ను నడుము కింద రెండు పక్కలా కనిపించే సొట్టల మధ్య, త్రికాస్థి (వెన్ను అడుగున ఉండే ముక్కోణపు ఎముక) మీద పెట్టండి. పైది ఎల్1 పూస మీద; నడుము పూసలను పైనుంచి కిందికి ఎల్1 నుంచి ఎల్5 దాకా లెక్కపెడతారు. తుంటి ఎముకల పై అంచులకు చేతులు ఆనించి బొటనవేళ్లను వెన్ను మీదికి తెస్తే, అవి కలిసే చోటు సుమారుగా ఎల్4. అక్కడినుంచి మూడు పూసలు పైకి లెక్కపెట్టాలి. ఇక్కడ అస్సలు తొందరపడొద్దు. ఈసారి ఒక పూస మీద, వచ్చేసారి ఇంకో పూస మీద పెడితే రెండు రీడింగులనూ పోల్చలేం.

అంటించే ముందు రెండింటినీ ఒకే చేత్తో పట్టుకుని బల్ల మీద ఒకసారి తట్టండి. రెండు గ్రాఫుల్లోనూ ఆ కుదుపు కనిపిస్తుంది, టైమ్ కలపడం తేలిక. చెమట తుడిచి, చర్మానికి పడే రెండువైపుల టేపుతో అంటించండి. బెల్టు గానీ కుర్చీ వీపు గానీ సెన్సార్‌ను నొక్కకూడదు.

ఇప్పుడు ఆ మనిషిని మామూలుగా నిలబడమనండి. పై కోణంలోంచి కింది కోణం తీసేస్తే వచ్చేదే నడుము వంపు; నిలబడినప్పటి విలువను సున్నాగా పెట్టుకోండి. తర్వాత నొప్పి రానంతవరకు పూర్తిగా ముందుకు వంగమనండి. అప్పటి నడుము వంపు 50 డిగ్రీలు వచ్చి, కూర్చున్నప్పుడు 35 ఉంటే, ఆయన తన వంపులో 70 శాతం వాడుతున్నట్టు. 60 డిగ్రీలు వంగగలిగే మనిషికి అదే 35 అంత ఎక్కువేమీ కాదు. అందుకే ఒట్టి డిగ్రీలు చూసి ఎవరికీ ఏమీ చెప్పను.

కూర్చున్న భంగిమకు సెకనుకు 25 రీడింగులు చాలు. ఇనుప బల్లల దగ్గర సెన్సార్‌లోని మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు చెప్పే భాగం) తప్పుదారి పట్టిస్తుంది, ఆపేయండి. ముందుకు, పక్కకు వంగడం గురుత్వాకర్షణను బట్టే తెలుస్తుంది. నడుము తిప్పడాన్ని మాత్రం అలా కొలవలేం.

కొలుస్తున్నారని తెలిస్తే ఎవరైనా నిటారుగా కూర్చుంటారు. అందుకే మొదటి కాసేపటి రీడింగులు వదిలేస్తాను, ఎక్కువ వంగితే మోగే హెచ్చరిక బజర్ కూడా ఆపే ఉంచుతాను. సగటు కన్నా, కదలకుండా ఒకే వంపులో ఎంతసేపు ఉన్నారన్నదే ముందు చూడండి.