ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు నిజంగా పోయిందో లేదో తేల్చుకుని బాగుచేయడం ఎలా?

ఫ్రిజ్ చల్లబడటం మానేస్తే ఎక్కువగా వినిపించే మాట “బోర్డు పోయింది”. సెన్సర్లు చెప్పేది చూసి కంప్రెసర్‌ను, ఫ్యానును, హీటర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఇది. అలా అనడం తేలిక. కొత్తది బిగిస్తే సరిపోతుంది, వెతుకులాట ఉండదు. తీరా మార్చాక చూస్తే ఫ్రిజ్ మళ్లీ అలాగే ఉంటుంది, ఎందుకంటే తప్పు సెన్సర్‌దో హీటర్‌దో అయి ఉంటుంది. అందుకే ఇక్కడ సగం పని బోర్డును విప్పకముందే జరుగుతుంది.

దగ్గర ఉండాల్సినవి: డిజిటల్ మల్టీమీటర్, స్క్రూడ్రైవర్లు, సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ పీల్చే పంపు, ఫొటోలు తీయడానికి ఫోన్. వీటికి తోడు సిరీస్ బల్బు కూడా కావాలి. అంటే కరెంటు తీగకు మధ్యలో కలిపే 60 లేదా 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

ముందు ప్రాణం సంగతి

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయాలి. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట బోర్డు మీది పెద్ద కెపాసిటర్‌లో సుమారు 325 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు తీశాక కూడా అది కొంతసేపు అలాగే నిలిచి ఉండొచ్చు. పది నిమిషాలు ఆగి, మీటర్‌తో ఆ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య కొలిచి, నాలుగైదు వోల్టులకు దిగిందని చూశాకే చెయ్యి పెట్టండి. దిగకపోతే 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకుని ఆ కాళ్లకు కొన్ని క్షణాలు ఆనించండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి నిప్పురవ్వలు రాల్చడం కొందరికి అలవాటు. దానితో బోర్డు ట్రాక్ ఎగిరిపోతుంది, ఒక్కోసారి కంట్లో పడుతుంది.

ఇంకొకటి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్ 600ఏ గ్యాస్ ఉంటుంది, అది మండే గ్యాస్. సోల్డరింగ్ పని ఫ్రిజ్ పక్కన వద్దు. బోర్డు విప్పి వేరే బల్ల మీదికి తీసుకెళ్లండి.

లక్షణం ఏం చెబుతోంది?

డిస్‌ప్లే లేదు, ఫ్యాను లేదు, అసలు చలనమే లేదంటే అనుమానం బోర్డు పవర్ సప్లై మీదకు వెళ్తుంది. లోపల లైటు వెలుగుతోంది కాబట్టి బోర్డు బాగుందని అనుకోవద్దు. కొన్ని మోడళ్లలో లైటుకు బోర్డుతో సంబంధం లేకుండా నేరుగా కరెంటు వెళ్తుంది.

ఫ్రీజర్ గడ్డకట్టి కింది అర మాత్రం చల్లగా లేకపోతే బోర్డు జోలికి వెంటనే వెళ్లకండి. లోపలి కాయిల్ మీద మంచు పేరుకుపోయి గాలి ఆడటం లేదేమో చూడండి. ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి ఒక రోజంతా వదిలేయండి. ఆ తర్వాత కొన్నాళ్లు చక్కగా పనిచేసి మళ్లీ మొదటికొస్తే తప్పు డీఫ్రాస్ట్ సర్క్యూట్‌లో, అంటే పేరుకున్న మంచును హీటర్‌తో కరిగించే ఏర్పాటులో ఉన్నట్టే. కంప్రెసర్ అసలు ఆగకుండా తిరుగుతుంటే రెండు అనుమానాలు: సెన్సర్ తప్పుడు లెక్క చెబుతోంది, లేదా బోర్డు మీది రిలే (కంప్రెసర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోయాయి.

తలుపు రబ్బరు సరిగా అంటుకుంటోందా, వెనక కాయిల్‌కు దుమ్ము పట్టిందా అన్నవి ఎలాగూ చూస్తారు.

బోర్డు దగ్గరే నిలబడి అన్నీ కొలవండి

తీగలన్నీ చివరికి చేరేది బోర్డు కనెక్టర్లకే. కాబట్టి ఫ్రీజర్ విప్పకుండానే చాలా పరీక్షలు ఇక్కడే అయిపోతాయి. వెనక మూత తీసి ముందు నాలుగు ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాత కనెక్టర్లు ఊడదీయండి. తీగలు పట్టి లాగొద్దు, ప్లాస్టిక్ తలను పట్టి, గొళ్లెం ఉంటే నొక్కి తీయాలి.

సెన్సర్లు ఎక్కువగా ఎన్‌టీసీ రకం. చలి పెరిగేకొద్దీ వాటి రెసిస్టెన్స్ పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు చూపించే సెన్సర్‌ను ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో ముంచితే దాదాపు మూడు రెట్లు, 30 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో చూపాలి. 5 కిలో ఓమ్‌ల సెన్సర్లు కూడా ఉన్నాయి. అక్కడా లెక్క ఇంచుమించు అంతే. అంకె కదలకపోయినా, ఉండుండి ఎగిరిపడుతున్నా సెన్సర్ మార్చండి.

డీఫ్రాస్ట్ హీటర్ 150 వాట్లదైతే 230 వోల్టుల మోడల్లో సుమారు 350 ఓమ్‌లు చూపుతుంది. ఇక్కడొక మెలిక ఉంది. హీటర్‌కు వరసలో బైమెటల్ థర్మోస్టాట్ (వేడిని బట్టి దానంతటదే పనిచేసే స్విచ్) ఉన్న ఫ్రిజ్‌లలో, అది వేడిగా ఉన్నప్పుడు తెరుచుకునే ఉంటుంది, అంటే కరెంటు దారి తెగి ఉంటుంది. గది వేడిమిలో మీటర్ ఏమీ చూపకపోతే హీటర్ తెగిందని తీర్పు చెప్పేయొద్దు. బైమెటల్ బాగా చల్లబడ్డాక మళ్లీ కొలవాలి.

మామూలు కంప్రెసర్‌కు మూడు పిన్నులుంటాయి. వాటికి తగిలించి ఉండే స్టార్టింగ్ రిలే, ఓవర్‌లోడ్ (మోటారు మరీ వేడెక్కితే కరెంటు ఆపేది) తీసేసి రెండేసి పిన్నుల మధ్య కొలిస్తే మూడు అంకెలు వస్తాయి. చిన్నవి రెండూ కలిపితే పెద్దదానికి సమానం కావాలి. వేగం మార్చుకుంటూ తిరిగే ఇన్వర్టర్ కంప్రెసర్‌లో మూడూ సమానంగా ఉండాలి. ఏ పిన్నుకూ బాడీకీ మధ్య మాత్రం కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండకూడదు. ఉంటే కంప్రెసర్ షార్ట్ అయినట్టు, బోర్డు మార్చి లాభం లేదు.

ఇప్పుడు బోర్డు

ఇవన్నీ బాగుంటేనే బోర్డును బయటికి తీయండి. మంచి వెలుతురులో, భూతద్దం ఉంటే దానితో, కళ్లతోనే చాలా దొరుకుతుంది. తల ఉబ్బిన కెపాసిటర్లు, పగిలి నల్లబడిన వేరిస్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే బోర్డును కాపాడేది), మసిబారిన ఫ్యూజ్, రెండు ట్రాక్‌ల మధ్య కాలి చచ్చిన బొద్దింక. వెనకవైపు రిలే, కనెక్టర్ పిన్నుల చుట్టూ సోల్డర్‌లో సన్నని ఉంగరంలాంటి పగులు ఉందేమో ప్రత్యేకంగా వెతకండి. తట్టితే పనిచేసి కాసేపటికి ఆగిపోయే ఫ్రిజ్‌లలో తప్పు తరచు ఇక్కడే ఉంటుంది.

ఫ్యూజ్ కొలవండి. పోయి ఉంటే వెంటనే కొత్తది వేయొద్దు. అది పోవడానికి వెనక కారణం ఉంటుంది. వేరిస్టర్, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి రెక్టిఫైయర్, ఆ డీసీ నుంచి బోర్డుకు కావాల్సిన తక్కువ వోల్టేజీలు వచ్చేలా చేసే పవర్ ఐసీలలో ఏది షార్ట్ అయిందో చూడాలి. ఫ్యూజ్ బదులు తీగ చుట్టడం ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

తర్వాతి కొలతలు కరెంటు ఉండగా చేయాల్సినవి. అలవాటు లేనివాళ్లు ఇక్కడ ఆగి టెక్నీషియన్‌ను పిలవడం మంచిది. బోర్డుకు కంప్రెసర్, హీటర్ కలపకుండా, సిరీస్ బల్బు ద్వారా కరెంటు ఇవ్వండి. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే మంచిది, వెలుగుతూనే ఉంటే షార్ట్ ఇంకా ఉంది. ఒక చెయ్యి వెనక పెట్టుకుని, పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఫ్యూజ్ నుంచి రెక్టిఫైయర్ దాకా ఉన్న దారిలో తెగింది. ఉన్నా 12 వోల్టులు, 5 వోల్టులు రావడం లేదంటే పవర్ ఐసీ మీద అనుమానం. కానీ ఐసీ మార్చేముందు దాని పక్కనే ఉండే చిన్న కెపాసిటర్‌ను మార్చి చూడండి. అది చూడ్డానికి బాగానే ఉంటుంది, లోపల ఎండిపోయి ఉంటుంది. 12 వోల్టులు ఊగిసలాడుతుంటే అవుట్‌పుట్ కెపాసిటర్లు చూడాలి. రెండు వోల్టేజీలూ సరిగా ఉండి, రిలే కాయిల్‌కు 12 వోల్టులు అందుతున్నా కాంటాక్టు కలవకపోతే రిలే పోయింది. కాయిల్‌కే వోల్టేజీ రాకపోతే రిలేలను నడిపే డ్రైవర్ ఐసీని చూడండి. చాలా బోర్డుల్లో అది యూఎల్ఎన్ 2003.

మార్చేటప్పుడు

కెపాసిటర్‌కు విలువ అదే, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల రకం, ప్లస్ మైనస్ తారుమారు కాకుండా. రిలేకు కాయిల్ వోల్టేజీ, కాంటాక్ట్ ఆంపియర్లు, పిన్నుల అమరిక మూడూ కలవాలి. పగిలిన సోల్డర్ మీదే కొత్తది పూయకుండా పాతది పీల్చేసి మళ్లీ వేయండి. పైన వార్నిష్ పూత ఉంటే ముందు గీకాలి, లేకపోతే సోల్డర్ అంటదు.

మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ నడిపే ప్రధాన చిప్) పోయినా, ఇన్వర్టర్ కంప్రెసర్‌ను నడిపే పవర్ మాడ్యూల్ కాలినా నా సలహా కొత్త బోర్డే. చూపుకు ఒకేలా ఉన్న బోర్డులలో ప్రోగ్రామ్ వేరుగా ఉంటుంది కాబట్టి స్టిక్కర్ మీది పార్ట్ నంబర్ ఒక్క అక్షరం తేడా లేకుండా సరిచూసుకోండి.

అన్నీ బిగించి ప్లగ్గు పెట్టాక కంప్రెసర్ కొన్ని నిమిషాల దాకా మొదలవకపోతే కంగారు వద్దు. గ్యాస్ ఒత్తిడి సర్దుకునేదాకా బోర్డే దాన్ని ఆపుతుంది. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో పెట్టండి. 24 గంటల తర్వాత 3 నుంచి 5 డిగ్రీలు, ఫ్రీజర్‌లో మైనస్ 18 దరిదాపుల్లో ఉండాలి. బోర్డు మార్చాల్సి వచ్చినవాళ్లు పాతది పారేయకండి, దాని మీద బాగున్న రిలేలు, కనెక్టర్లు ఇంకో రిపేరుకు పనికొస్తాయి.