రేణిగుంట విమానాశ్రయాన్ని ఎక్స్‌ప్లేన్‌లో నిర్మించి పంచే విధానం

తిరుపతిలో ఇంట్లో కూర్చుని ఎక్స్‌ప్లేన్ అనే కంప్యూటర్ విమాన సిమ్యులేటర్‌లో విమానం నడిపేవారు రేణిగుంట విమానాశ్రయాన్ని తీర్చిదిద్దాలనుకుంటే, దాని తయారీ సంస్థ లామినార్ రీసెర్చ్ ఉచితంగా ఇచ్చే వరల్డ్ ఎడిటర్ అనే విమానాశ్రయ నిర్మాణ సాఫ్ట్‌వేర్‌ను దించుకుని, వీఓటీపీ అనే సంకేతంతో ఆ విమానాశ్రయాన్ని తెరవాలి. రన్‌వే, దానికి విమానాలు చేరే దారులైన టాక్సీవేలు కుదరకముందే టెర్మినల్ అందంపై రోజులు వెచ్చించడం వృథా. భవనాలను బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో మలచవచ్చు. ఒకసారి నేను టెక్స్చర్ (భవనం ఉపరితలంపై పరిచే చిత్రం) ఫైలు పేరును ఒకచోట పెద్దక్షరంతో, మరోచోట చిన్నక్షరంతో రాయగా, నా విండోస్‌లో చక్కగా కనిపించిన టెర్మినల్ లినక్స్ వాడే మిత్రుడి తెరపై రంగులేని గోడలా మిగిలింది. పూర్తయిన ఫోల్డరును ఎక్స్‌ప్లేన్‌లోని కస్టమ్ సీనరీ ఫోల్డరులో ఉంచి, తూర్పు నుంచి దిగుతూ, ఎదురుగా శేషాచలం కొండలు కనిపిస్తుండగా పరీక్షించాలి. వాడుకరులు చేసిన విమానాశ్రయాలను లామినార్ స్వీకరించే సీనరీ గేట్‌వే వెబ్‌సైటుకు పంపదలిస్తే సొంత భవనాలు చెల్లవు. సిమ్యులేటర్‌తో వచ్చే వస్తువులనే వాడాలి. విడిగా పంచేవారు వాడుక షరతులను రీడ్‌మీ ఫైలులో రాయాలి, అనుమతి లేని ఉపగ్రహ చిత్రాలను పంచే ఫోల్డరులో చేర్చకూడదు.