ఏటి అడుగున పాతిన పలకల మొదలు దగ్గర కోతను తగ్గించే పద్ధతి

తిరుపతి దగ్గరి స్వర్ణముఖి వంటి ఇసుక ఏటిలో ఒక గట్టు కోసుకుపోతూ ఎదుటి గట్టున మేట పెరుగుతున్నప్పుడు, నీటిలో మునిగి ఉండే పలకలను ప్రవాహానికి కాస్త ఏటవాలుగా వరుసగా పాతితే, అవి పుట్టించే మెలి ప్రవాహం అడుగు ఇసుకను దెబ్బతింటున్న గట్టు వైపు మళ్లిస్తుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. 2021 నవంబరు వరదలో తిరుపతి పరిసరాల్లో గట్లు కూలడం చూసినవారికి దీని అవసరం వేరే చెప్పనక్కరలేదు. అయితే గట్టును కాపాడవలసిన పలక మొదలు దగ్గరే గొయ్యి పడితే, ముందు ఒరిగిపోయేది ఆ పలకే.

పలక ముందంచుకు తగిలిన నీరు కిందికి దూకి, అడుగున సుడిగా మారి ఇసుకను తోడేస్తుంది. వరద తీసేటప్పుడు అదే గొయ్యి మళ్లీ ఇసుకతో పూడుతుంది కనుక, వేసవిలో సమతలంగా కనిపించే ఏటిని చూసి పునాది లోతు నిర్ణయించకూడదు. వరద తగ్గాక పలక పక్కన ఇనుప కమ్మీని గుచ్చి చూడండి: కొత్తగా పేరుకున్న వదులు ఇసుకలో చేతి బలానికే దిగుతుంది, పాత అడుగు తగలగానే గట్టిగా ఆగుతుంది. ఆ ఆగిన లోతే ఆ వరద మిగిల్చిన ఆనవాలు. పునాది దానికంటే బాగా కిందికి దిగాలి. వరదలో ఏటి అడుగు ఎంత లోతుకు కోసుకుపోతుందో అంచనా వేసే లేసీ సూత్రంతో వచ్చే కోత లోతును వరద నీటిమట్టం నుంచి కొలవాలే గాని ఏటి అడుగు నుంచి కాదు. పైగా పలక దగ్గర పడే స్థానిక కోతను దానికి విడిగా కలుపుకోవాలి.

పలక ఎత్తు నీటి లోతులో సుమారు 0.2 నుంచి 0.4 వంతు, పొడవు ఎత్తుకు రెండు మూడు రెట్లు ఉండేలా చూసుకోవాలి. ప్రవాహంతో పలక చేసే కోణం 20 డిగ్రీలు దాటనివ్వకండి. కోణం పెరిగేకొద్దీ ముందంచు దగ్గర గొయ్యి లోతవుతుంది. ముందంచును నిట్టనిలువుగా వదలకుండా పైకి పోయేకొద్దీ వెనక్కి వాల్చితే, కిందికి దూకే నీటి జోరు తగ్గుతుంది. పలక మొదలు చుట్టూ ఏటి అడుగు మట్టానికి సమంగానో, కొద్దిగా కిందనో పళ్లెంలా ఒక అడ్డపలకను బిగిస్తే, సుడి ఇసుకను తాకకుండా అడ్డుకుంటుంది.

కోతను ఆపడానికి పలక మొదలు చుట్టూ రాళ్లు పరిచేటప్పుడు గుండ్రాళ్ల కంటే ఒకదానికొకటి పట్టుకునే కోణాలున్న రాళ్లు మేలు. వాటి కింద నీటిని పోనిచ్చి ఇసుకను ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవకపోతే, సందుల్లోంచి ఇసుక జారిపోయి రాళ్లు ఒక్కొక్కటిగా దిగబడతాయి. రాతి పరుపు అడుగు మట్టాన్ని మించి పైకి తేలితే అదే మరో సుడికి కారణమవుతుంది కాబట్టి, ముందు తవ్వి ఆ లోతులోనే పరవాలి. దిగువన ఇసుక తవ్వకాలు సాగుతుంటే మాత్రం ఏటి అడుగే దిగిపోతుంది, అప్పుడు ఈ కొలతలేవీ పనికిరావు. ముందు తవ్వకాన్ని ఆపించాలి.

ఇక్కడి వరదలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కనుక, జనవరిలో కమ్మీతో పరిశీలించి, ఏప్రిల్, మే నెలల్లో ఏరు ఎండి ఉన్నప్పుడు రాళ్లు సర్దడం వీలుగా ఉంటుంది.