డి6కి తొందరపడొద్దు, ముందు డి7

విజయనగరం, బొబ్బిలి, రాజాం వైపు నుంచి ఏజ్ గ్రూపు టోర్నీలకు పిల్లల్ని తయారుచేస్తున్న తల్లిదండ్రులు ఈ చదరంగం స్థితిని ఇంట్లో బోర్డు మీద ఒక్కసారి పేర్పించండి. గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస. తెల్ల రాజు సి6, బంటు ఇ5. నల్ల రాజు జి5, బంటు ఇ6. ఎత్తు తెల్లది.

చాలామంది చెయ్యి రాజును నేరుగా డి6కే తీసుకుపోతుంది, అక్కడినుంచి తన బంటును కాపాడుతూ ఎదుటి బంటు మీద దెబ్బ పెట్టొచ్చు కాబట్టి. అక్కడే ఆట పోతుంది. నల్ల రాజు ఎఫ్5కి వస్తాడు, ఇప్పుడు ఎత్తు మళ్ళీ తెల్లదే. రాజు ఎటు కదిలినా ఇ5 బంటు పోతుంది. కదలకుండా ఉండే వీలు చదరంగంలో లేదు. దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు. ఈ రెండు రాజుల బిగింపుకు ట్రెబుషే అని పేరు: ఎత్తు ఎవరిదైతే వాళ్ళే ఓడతారు.

సరైన ఎత్తు రాజు డి7! ఇ6 మీద దెబ్బ ఉంది కాబట్టి నల్ల ఎఫ్5కి రాక తప్పదు. అప్పుడు డి6. ఇక కదలాల్సింది నల్ల. ఇ6 తెల్లకు దక్కుతుంది. బోర్డు అంచు బంటు కాకపోతే, రాజు ఆరో వరుసలో తన బంటుకు ముందు ఉంటే ఎత్తు ఎవరిదైనా గెలుపే.

ఇదే స్థితిలో ఎత్తు నల్లకిచ్చి కూడా ఆడించండి. ఎఫ్5 తప్పు, ఎఫ్4 గెలుపు. రెండు వైపులా ఆడితేగాని పిల్లలకు ఇది పట్టుబడదు. తన గడిని (తెల్లకు డి6, నల్లకు ఎఫ్5) చేరడం తేలికే, రెండోవాడిగా చేరడమే ఇక్కడి కిటుకు.