మంచం పక్క మనిషికి హద్దులు: 4వ పాఠం

ఇంట్లో మంచాన పడ్డవారిని చూసుకునేవాళ్ల కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో ‘ఇది నావల్ల కాదు’ అని ఇంట్లో ఒక్కసారైనా అనమన్నాను. అన్నారు. చాలామందికి బెడిసికొట్టింది. అందుకని ఈసారి చెప్పాల్సిన ఖర్చుల సంగతి పక్కన పెట్టి, మళ్లీ అక్కడికే వెళ్దాం.

గాజువాకలో ఒకావిడ పక్షవాతం వచ్చిన మామగారిని చూసుకుంటున్నారు. ‘ఆదివారం ఉండలేను, బాబుకి ట్యూషనుంది’ అని ఆడపడుచుతో అన్నారు. ‘ఓ వారం మానిపిస్తే ఏం పోయింది వదినా’ అంది ఆవిడ. అయిపోయింది. ఇంకొకరు తలనొప్పి అంటే, ఇంట్లోవాళ్లు మాత్ర పేరు చెప్పారట. మరొకరు నడుంనొప్పి అంటే, పొద్దున్నే ఆర్కే బీచికెళ్లి నడవమన్నారు. నడవడానికెళ్తే పెద్దాయన దగ్గర ఎవరుంటారో మాత్రం చెప్పలేదు!

కారణం చెప్పారా, బేరానికి దిగినట్టే. వాళ్లు కారణానికి మందు చెప్పి ఫోన్ పెట్టేస్తారు, ఆదివారం మీ నెత్తినే ఉంటుంది. నిజమైన కారణమైనా చెప్పకండి. పెద్ద కారణమైతే అసలే చెప్పకండి. ‘ఏమనుకోకపోతే’, ‘వీలైతే’ కూడా వద్దు. స్టీల్ ప్లాంటులో ఎ షిఫ్టు, అంటే పొద్దున షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి దిగిపోతుంది. ఎందుకు వెళ్తున్నావని ఎవరూ అడగరు. ఫర్నేసు ఆగదు, మనిషి మారతాడు.

మంచం దిగలేనివారిని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అందుకని ‘చెయ్యను’ అని ఊరుకోకూడదు. ఇలా చెప్పండి: ‘ఆదివారం ఆరు నుంచి పదింటిదాకా నేనింట్లో ఉండను. ఎవరొస్తారో శుక్రవారం రాత్రికి చెప్పండి. లేకపోతే ఆయాని పెట్టి, ఎంతయిందో గ్రూపులో పెడతాను.’ నేనైతే ఫోన్‌లో చెప్పను, వాట్సాప్‌లో రాస్తాను. నోటిమాట ఎవరికి కావలసినట్టు వాళ్లకి గుర్తుంటుంది.

‘కోడలివి, నీ బాధ్యతే’ అన్నారని రాసినవాళ్లకి: తల్లిదండ్రులు, వృద్ధుల పోషణకి 2007లో వచ్చిన చట్టం పిల్లల లెక్కలో కొడుకు, కూతురు, మనవడు, మనవరాలినే చెప్పింది. కోడలి ఊసెత్తలేదు. తెలిసుంటే చాలు, ఇంట్లో చదివి వినిపించకండి.

నిద్ర లేక, ఏడుపు ఆగక ఉన్నవాళ్లు ముందు టెలీ మానస్‌కి, అంటే మనసు బాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి, ఫోన్ చెయ్యండి. అభ్యాసం తరవాత.

అభ్యాసం: పై మూడు వాక్యాలు మీ ఇంటి గంటలతో రాసి పంపండి. ‘ఎందుకు?’ అని వస్తే అక్షరం మార్చకుండా అదే మళ్లీ పంపండి. మూడోసారీ అంతే. వచ్చే మనిషి లోపలికొచ్చి, మాత్రల వేళలు అడిగి తెలుసుకున్నాక చెప్పులేసుకోండి. పదింటిదాకా ఇంటికి ఫోన్ చెయ్యకూడదు.