ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టారా? టీఎల్‌డీ మాత్రను సరిగ్గా వాడుకోవడం ఎలా?

హెచ్ఐవీ పాజిటివ్ అని తేలాక ఏఆర్‌టీ (వైరస్‌ని అదుపులో ఉంచే మందుల వైద్యం) సెంటర్‌లో మీ చేతికి వచ్చేది ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో 30 మాత్రలు, రోజుకొకటి. పెద్దవాళ్లలో కొత్తగా మందులు మొదలుపెట్టే ఎక్కువమందికి ఇప్పుడు ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50, ఈ మూడూ కలిపి ఒకే మాత్రగా చేశారు. పాతరోజుల్లో ఈ మందులు వాడినవాళ్లని చూసి చాలామంది భయపడతారు, అందులో తప్పు లేదు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ ఇవ్వడం మొదలుపెట్టిన కాలంలో స్టావుడిన్ అనే మందు వాడేవారు, దాంతో బుగ్గలు పీక్కుపోయేవి, అరికాళ్లు తిమ్మిరెక్కి మండేవి. ఆ మందు ఇప్పుడు లేదు. కాబట్టి ఎప్పుడో ఎవరికో అయినదాన్ని ఈ మాత్రకి అంటగట్టి టెన్షన్ పడకండి.

నిజానికి టీఎల్‌డీ మింగడం పెద్ద కష్టమేమీ కాదు. తేడా వచ్చేది దానితోపాటు వేసుకునే వేరే మందుల దగ్గర, డబ్బా అడుగంటే దగ్గర, "బాగానే ఉన్నాను కదా, ఇంకెందుకు" అనుకునే దగ్గర. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వాటి గురించే.

1. మొదటి రోజే అన్నీ చెప్పేయండి

మీకు షుగర్ ఉందా, ఫిట్స్ మందులు వాడుతున్నారా, కిడ్నీ సమస్య ఏదైనా ఉందా, గర్భవతా, దగ్గు తగ్గడం లేదా, సాయంత్రం జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? అడిగినా అడగకపోయినా డాక్టరుకి ఇవన్నీ చెప్పాలి. చివరి నాలుగూ టీబీ లక్షణాలు, అందుకే ప్రతిసారీ అడుగుతారు, విసుక్కోకండి. టీబీ బయటపడితే ముందు టీబీ మందులు మొదలుపెట్టి, ఆ తర్వాత ఏఆర్‌టీ ఇస్తారు. అలాంటి అడ్డంకి లేకపోతే ఈమధ్య అదే రోజు, లేదంటే వారంలోపే మాత్రలు ఇచ్చేస్తున్నారు. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక శక్తిని చూపే కణాల లెక్క) ఎంత ఉందనే దానితో పని లేకుండా పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికీ మందులు ఇవ్వాలన్నదే విధానం.

హెపటైటిస్ బి టెస్టు చేశారో లేదో అడిగి తెలుసుకోండి. టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ ఆ వైరస్ మీద కూడా పనిచేస్తాయి. అది ఉన్నవాళ్లు చెప్పాపెట్టకుండా మాత్రలు ఆపేస్తే లివర్ ఒక్కసారిగా దెబ్బతినవచ్చు.

2. టైం మీకు కుదిరేది పెట్టుకోండి

పొద్దున టిఫిన్ అయ్యాకా, రాత్రి అన్నం తిన్నాకా, పరగడుపునా, ఎప్పుడైనా సరే. తిండికి దీనికి సంబంధం లేదు. ఇంతకుముందు ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర వాడినవాళ్లకు "రాత్రి పడుకునేముందే వేసుకోవాలి" అని చెప్పేవారు, ఎందుకంటే దాంతో తల తిరిగేది, పిచ్చిపిచ్చి కలలు వచ్చేవి. టీఎల్‌డీకి మారాక కూడా అలవాటు కొద్దీ రాత్రే వేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ డోలుటెగ్రావిర్ కొందరికి నిద్ర పట్టకుండా చేస్తుంది, అలాంటివాళ్లు పొద్దుటికి మార్చుకుంటే సరిపోతుంది. దీనికోసం మందే మార్చక్కర్లేదు.

నా లెక్కలో ఫోన్ అలారం కంటే రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టుకోవడమే మేలు. కాఫీ తాగాక, పళ్లు తోముకున్నాక, అలా. అలారం మోగినప్పుడు బస్సులో ఉంటారు, పక్కన ఎవరో ఉంటారు, ఆఫ్ చేస్తారు, అంతే, మర్చిపోతారు.

3. మర్చిపోతే ఏం చేయాలి

గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి మాత్రకి ఇంకా నాలుగు గంటలే ఉందనుకోండి, మర్చిపోయినదాన్ని వదిలేసి మామూలు టైంకే వేసుకోండి. రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు. మింగిన గంటలోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. నెలకి ఒకసారి మర్చిపోతే కొంపలేమీ మునగవు, కానీ వారంలో రెండుమూడు రోజులు ఎగిరిపోతుంటే రక్తంలో మందు తగ్గిన సమయం చూసి వైరస్ మళ్లీ పెరుగుతుంది, అలా పెరిగేటప్పుడే మందుకి లొంగని రకాలు పుడతాయి. నెలనెలా సెంటర్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెట్టేది అందుకే. తిడతారేమోనని రెండు మాత్రలు చెత్తబుట్టలో పడేసి లెక్క సరిచేసుకు వెళ్లేవాళ్లు ఉన్నారు. దానివల్ల నష్టపోయేది ఎవరో చెప్పక్కర్లేదు, డాక్టరుకి మీరు మందు సరిగ్గా వాడుతున్నట్టు కనబడుతుంది, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందనే లెక్క, ఎందుకు పెరిగిందో ఎవరికీ అర్థం కాదు.

4. వేరే మందులతో జాగ్రత్త: అసలు చిక్కంతా ఇక్కడే

డోలుటెగ్రావిర్‌కి అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం, ఐరన్, జింక్ పడవు. పొట్టలో ఇవి దాన్ని పట్టేసుకుంటాయి, మాత్ర మింగినా రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. ఇవన్నీ మన ఇళ్లలో రోజూ వాడేవే, ఎవరూ వాటిని మందులుగా లెక్కే వేయరు. కడుపు మంటకి తాగే జెలుసిల్, డైజీన్ లాంటి సిరప్‌లలో ఉండేది అల్యూమినియం, మెగ్నీషియమే. వాటిని తాగాల్సి వస్తే టీఎల్‌డీ వేసుకున్న 2 గంటల తర్వాత తాగండి, ముందే తాగేశారంటే 6 గంటలు ఆగి టీఎల్‌డీ వేసుకోండి. తిండితో కలిపి వేసుకున్నా ఈ సిరప్‌ల విషయంలో కుదరదు. గ్యాస్ కోసం పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వాడేవాళ్లకు మాత్రం ఈ బెడద లేదు, అవి వేరే రకం.

కాల్షియం, ఐరన్ మాత్రల విషయంలో కొంచెం వెసులుబాటు ఉంది. అన్నంతో పాటు వేసుకుంటే రెండూ ఒకేసారి మింగవచ్చు. ఖాళీ కడుపుతో అయితే పైన చెప్పిన 2 గంటలు, 6 గంటల లెక్కే. గర్భిణులకు ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలకు కూడా ఇదే వర్తిస్తుంది, కాబట్టి గర్భంతో ఉన్న చెల్లెళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మెడికల్ షాపులో కొనే మల్టీవిటమిన్, బలానికి తాగే టానిక్‌లలోనూ ఇవి ఉంటాయి, లేబుల్ చూడండి.

షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డోలుటెగ్రావిర్ వల్ల రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. అందుకే రోజుకి 1000 మిల్లీగ్రాములు దాటకుండా డాక్టర్లు సర్దుతారు. షుగర్ డాక్టరుకి ఏఆర్‌టీ సంగతి చెప్పకపోతే ఇది ఆయనకి తెలిసే దారే లేదు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఇంకో రకంగా చేస్తుంది, అది డోలుటెగ్రావిర్‌ని శరీరంలో తొందరగా కరిగించేస్తుంది. అందుకే టీబీ మందులు వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో రెండు వారాల వరకూ, టీఎల్‌డీ వేసుకున్న 12 గంటలకి డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర అదనంగా ఇస్తారు. ఆ రెండో మాత్ర ఎందుకులే అని మానేయకండి. ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్, ఫెనిటాయిన్ కూడా ఈ కోవలోవే.

ఇక ఒళ్లు నొప్పుల మాత్రలు. మోకాళ్లు నొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గరకి వెళ్లి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం, షాపులో అడిగి అదే మాత్రలు రోజుల తరబడి మింగడం మనకి మామూలే. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద భారం వేస్తుంది, దానికి ఈ మాత్రలు తోడైతే ముప్పు పెరుగుతుంది. జ్వరానికి, మామూలు నొప్పికి పారాసెటమాల్ సరిపోతుంది.

రెండో దశ మందులు వాడేవాళ్లకు, అంటే మొదటి మందులు పనిచేయక రిటోనావిర్ ఉన్న మాత్రలకు మారినవాళ్లకు, పడని మందుల జాబితా వేరే, పైగా ఇంకా పెద్దది. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, ఆయాసం ఇన్‌హేలర్‌లలోని కొన్ని స్టెరాయిడ్లు, సిల్డెనాఫిల్ లాంటివి కూడా అందులో ఉన్నాయి. ఏ కొత్త మందు వచ్చినా ముందు మీ సెంటర్‌లో అడగండి.

"హెచ్ఐవీని పూర్తిగా నయం చేస్తాం, ఇంగ్లీషు మందులు ఆపేయండి" అనే పసరు మందు వాళ్ల గురించి ఒక్క మాటే. ఈ వైరస్ కొన్ని కణాల లోపల నిద్రపోతున్నట్టు దాక్కుని ఉంటుంది, ఏఆర్‌టీ దాన్ని పెరగకుండా ఆపుతుంది, ఆపేస్తే మామూలుగా కొద్ది వారాల్లోనే అది మళ్లీ రక్తంలో కనబడుతుంది. డబ్బులు తీసుకున్న మనిషి మాత్రం కనబడడు.

5. మొదటి మూడు నెలలు

తలనొప్పి, కొంచెం వికారం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం ఉండొచ్చు, చాలామందిలో రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. బరువు పెరగడం చాలామందిలో చూస్తున్నారు. మొదట సంతోషంగా ఉంటుంది, తర్వాత నడుము కొలత, షుగర్ చూసుకోవాలి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టులో కాస్త పెరిగి కనబడితే కంగారు పడొద్దు, డోలుటెగ్రావిర్ వల్ల అది మూత్రంలోకి పోవడం కొద్దిగా తగ్గుతుంది, కిడ్నీ పాడైనట్టు కాదు. అయితే ఎక్కువగా పెరుగుతూ పోతుంటే, మూత్రంలో ప్రొటీన్ కనబడుతుంటే అది వేరే సంగతి, టెనోఫోవిర్‌ని అనుమానించాలి. ఆ తేడా డాక్టరే చెప్పగలరు.

ఇంకొకటి, చాలామందిని భయపెట్టేది. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలకి జ్వరం రావచ్చు, మెడ దగ్గర గడ్డలు తేలవచ్చు. రోగనిరోధక శక్తి తిరిగి లేచి, అప్పటిదాకా లోపల దాగున్న టీబీ లాంటి వాటి మీద పడటం వల్ల ఇలా జరుగుతుంది, సీడీ4 బాగా తక్కువగా ఉన్నవాళ్లలో ఎక్కువ. "మందు పడలేదు" అని ఆపేయకుండా సెంటర్‌కి వెళ్లండి. ఒళ్లంతా దద్దుర్లతో పాటు జ్వరం వచ్చినా, నోట్లో పుండ్లు పడినా, ముఖం వాచినా, కళ్లు పచ్చబడినా మర్నాటి దాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

6. వైరల్ లోడ్ టెస్టు

మందు పనిచేస్తోందో లేదో చెప్పేది మీ ఒంటి హుషారు కాదు, ఈ టెస్టు. మొదలుపెట్టిన 6 నెలలకి, 12 నెలలకి, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు, సెంటర్‌లో ఉచితం. రిపోర్టులో వైరస్ కనబడనంత తక్కువకి వచ్చి, అలాగే నిలబడితే సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు. ఇది ఓదార్పు మాట కాదు, ఒకరు పాజిటివ్ ఒకరు నెగెటివ్ ఉన్న వందల జంటలను ఏళ్ల తరబడి గమనించిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో, వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. సూదులు పంచుకోవడానికి, తల్లిపాలకు ఈ లెక్క ఇలాగే వర్తించదు, బిడ్డ విషయం కౌన్సెలర్‌తో విడిగా మాట్లాడండి. గర్భంలో టీఎల్‌డీ ఆపక్కర్లేదు, ఆపకూడదు కూడా.

లోడ్ 1000 (మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు) దాటితే వెంటనే మందు మార్చేయరు. మాత్రలు ఎక్కడ ఎగిరిపోతున్నాయో చూసి, కౌన్సెలింగ్ చేసి, కొన్ని నెలలకి మళ్లీ టెస్టు చేస్తారు. ఈ సమయంలో జెలుసిల్ సంగతి కూడా చెప్పండి.

7. డబ్బా, ప్రయాణాలు, చెప్పడం

మాత్రలు వచ్చిన డబ్బాలోనే ఉంచండి, లోపలి చిన్న పొట్లం తేమ పీల్చడానికి, పారేయకండి. ఎండాకాలంలో కారులోనో బండి డిక్కీలోనో వదలొద్దు. ఇంట్లో ఎవరైనా చూస్తారని భయమైతే లేబుల్ చింపేసే బదులు, రెండుమూడు రోజులకి సరిపడా చిన్న డబ్బీలో తీసుకుని మిగతాది బీరువాలో పెట్టుకోవడం నయం. ఆఖరి మాత్ర అయ్యేదాకా ఆగకుండా వారం ముందే సెంటర్‌కి వెళ్లండి, పండగ సెలవులు చూసుకోండి. నిలకడగా ఉన్నవాళ్లకు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తారు, అడగండి. కూలి పనికో చదువుకో వేరే ఊరు పోతుంటే సెంటర్‌లో ఇచ్చిన మీ పుస్తకం తీసుకెళ్లండి, అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కి ట్రాన్స్‌ఫర్ రాయించుకోవచ్చు. దేశంలో ఎక్కడైనా ఉచితమే. గల్ఫ్‌కి వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి, అక్కడి వీసా మెడికల్‌లో హెచ్ఐవీ టెస్టు ఉంటుంది, పాజిటివ్ వస్తే నివాస అనుమతి ఇవ్వరు. అమెరికా మాత్రం ఇలాంటి నిషేధాన్ని 2010లోనే ఎత్తేసింది. విమానంలో మాత్రలు చేతి బ్యాగులో పెట్టుకోండి, లగేజీలో వద్దు.

ఎవరికి చెప్పాలి అనేది మీ ఇష్టం, ఒక్క వైద్యం చేసేవాళ్ల దగ్గర, భాగస్వామి దగ్గర తప్ప. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మీ పరిస్థితిని మీ అనుమతి లేకుండా బయటపెట్టడం, దాన్ని సాకుగా చూపి ఉద్యోగం నుంచి తీసేయడం, వైద్యం నిరాకరించడం నేరుగా నిషేధం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏఆర్‌టీ వాడేవాళ్లకు పింఛను ఉంది, అర్హత సంగతి సెంటర్‌లోని కౌన్సెలర్‌ని అడిగితే చెబుతారు. మందులు అయిపోయి సెంటర్ దూరంగా ఉన్నా, ఏ మందు పక్కన ఏది పడదో అనుమానం వచ్చినా 1097కి ఫోన్ చేయండి, ఆ కాల్ ఉచితం.